మోకాలి టెండన్ నొప్పి: విశ్రాంతా, బరువులా, ఇంజెక్షనా?

వాలీబాల్ ఆడే కుర్రాడికి మోకాలి చిప్ప కింద నొప్పి. ఆట మొదలైన పది నిమిషాలు పీకుతుంది, ఒళ్లు వేడెక్కాక మాయమవుతుంది, మర్నాడు పొద్దున మెట్లు దిగుతుంటే మళ్లీ పట్టుకుంటుంది. ఇంట్లోవాళ్లు ‘గుజ్జు అరిగింది’ అంటారు. కోచ్ ‘నరం లాగింది, వారం ఆగు’ అంటాడు. మందుల షాపులో నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ చేతిలో పెడతారు. గుజ్జూ కాదు, నరమూ కాదు. దెబ్బతిన్నది పటెల్లార్ టెండన్. టెండన్ అంటే కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడు. ఆటగాళ్ల మాటలో జంపర్స్ నీ. నార్వేలోని మేటి క్రీడాకారులను పరీక్షించి 2005లో ప్రచురించిన లెక్క ప్రకారం వాలీబాల్ ఆటగాళ్లలో దాదాపు 45 శాతం మందికి, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లలో 32 శాతం మందికి ఈ నొప్పి ఉంది. మన దగ్గర వాలీబాల్ కోర్టులతో పాటు ఇది ఎక్కువగా కనిపించే ఇంకో చోటు, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్ల గ్రౌండు. రెండు రాష్ట్రాల దేహదారుఢ్య పరీక్షల్లోనూ లాంగ్ జంప్ ఉంది. ఆరు నెలలు కదలకుండా చదివి, చివరి నెలలో రోజూ దూకడం మొదలుపెడితే మొదట ఎదురు తిరిగేది ఈ టెండనే.

చికిత్సలు చాలా ఉన్నాయి. ఏది మంచిదని అడిగేకన్నా, ఏ దశలో ఏది అని అడగాలి. దానికి ముందు నొప్పి నిజంగా టెండన్‌దేనా అని తేల్చుకోవాలి.

వేలు ఎక్కడ పెడతారు?

తొడ ముందుభాగంలోని నాలుగు కండరాలు ఒక తాడుగా కలిసి చిప్ప పై అంచును పట్టుకుంటాయి. అది క్వాడ్రిసెప్స్ టెండన్. చిప్ప కింది మొన నుంచి దిగి కాలి ఎముక మీది బొడిపెకు అతుక్కునేది పటెల్లార్ టెండన్. బావి గిలకను తలుచుకోండి: చిప్ప గిలక, ఈ రెండు టెండన్లు చేదతాడు, తొడ కండరం లాగే మనిషి. తాడు ఎక్కడ తెగినా చేద పైకి రాదు, అంటే కాలు చాచలేం.

నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమనండి. చిప్ప కింది మొన మీద సూటిగా వేలు పెట్టి, దూకడం పెరిగేకొద్దీ నొప్పీ పెరుగుతోందంటే పటెల్లార్ టెండన్. అరచేత్తో చిప్ప అంతా చుట్టి చూపిస్తూ, సినిమా హాల్లో ఎక్కువసేపు కూర్చున్నా నొప్పే అంటే అది చాలావరకు చిప్ప వెనక కీలు బాధ. దాని దారి వేరు. చిప్ప పైన నొప్పి, అదీ గుంజీలో బాగా కిందికి దిగినప్పుడే వస్తే క్వాడ్రిసెప్స్ టెండన్. వెయిట్‌లిఫ్టర్లలో, నెట్ దగ్గర లోతుగా వంగే బ్యాడ్మింటన్ ఆటగాళ్లలో చూస్తాం. వాళ్లు వ్యాయామం మానక్కర్లేదు, కొన్ని వారాలు లోతు తగ్గిస్తే చాలు. 10 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో చిప్ప కింద కాకుండా ఇంకా దిగువన ఎముక బొడిపె ఉబ్బి, ముట్టుకుంటే నొప్పి అంటే అది ఎదుగుతున్న ఎముక సమస్య, ఆస్‌గుడ్ ష్లాటర్. అలాంటి పిల్లలకు కింద చెప్పే భారీ బరువులు పెట్టకండి.

స్కాన్ సంగతి ఒక్క మాటలో. అల్ట్రాసౌండ్ చౌక, ఎంఆర్ఐ ఖరీదు, టెండన్ మందం చూడటానికి మొదటిదే సరిపోతుంది. అయితే ఏ నొప్పీ లేకుండా హాయిగా ఆడుతున్నవాళ్ల టెండన్లలో కూడా మార్పులు కనిపిస్తాయి. రిపోర్టులో ‘టెండినోసిస్’ (టెండన్ నలిగింది) అని రాసినంత మాత్రాన చికిత్స నిర్ణయం కాదు. అలాగే నొప్పి తగ్గాక కూడా స్కాన్ మారకపోవచ్చు; దాన్ని చూసి బెంగపడి ఆట మానేసేవాళ్లు ఉన్నారు.

కాలి కదలికలో ఏం మారుతుంది

దూకి దిగేటప్పుడు పటెల్లార్ టెండన్ మీద పడే లాగుడు శరీర బరువుకు ఐదారు రెట్లు. 70 కిలోల మనిషికి అది 350 కిలోలు దాటుతుంది. టెండన్ నొప్పిగా ఉంటే మెదడు ఆ లాగుడును తప్పించుకునే దారులు వెతుకుతుంది. మొట్టమొదటి దారి మోకాలు తక్కువ వంచడం. మామూలుగా మెత్తగా కుంగి దిగే ఆటగాడు కర్రలా బిగుసుకుని దిగుతాడు, నేల మీద చప్పుడు పెరుగుతుంది. రెండో దారి బరువును తుంటి మీదికి, నడుము మీదికి, రెండో కాలి మీదికి నెట్టడం. నెలలు గడిస్తే తొడ కండరం చిక్కిపోతుంది. రెండు తొడలకూ చిప్పకు 15 సెంటీమీటర్ల పైన టేపు పెట్టి కొలవండి, తేడా తెలిసిపోతుంది. కండరం చిక్కేకొద్దీ దూకే ఎత్తు తగ్గుతుంది, పాత ఎత్తు కోసం ఇంకా ఎక్కువ ప్రాక్టీసు చేస్తారు, టెండన్ ఇంకా నలుగుతుంది.

కుడిచేతి స్మాషర్‌కు చివరి అడుగు సాధారణంగా ఎడమకాలు, కాబట్టి అది ముందు దెబ్బతింటుంది. కుడిచేతి ఫాస్ట్ బౌలర్‌కు బంతి వదిలేటప్పుడు బిగించి నిలబెట్టే ఎడమకాలు. లాంగ్ జంప్‌లో టేకాఫ్ కాలు. నిట్టనిలువుగా ఎగిరి దిగడం కన్నా, ముందుకు దూసుకొచ్చి ఆగడంలో టెండన్‌కు పని ఎక్కువ. నెట్ వైపు తేలుతూ స్మాష్ కొట్టే అలవాటును కోచ్ సరిదిద్దితే కొంత బరువు అక్కడే తగ్గుతుంది.

ఇంకో చిన్న పరీక్ష చేయండి. గోడ ముందు చెప్పుల్లేకుండా నిలబడి, మడమ లేపకుండా మోకాలు గోడకు తాకించండి. కాలి బొటనవేలికీ గోడకూ మధ్య 10 సెంటీమీటర్లు రాకపోతే చీలమండ బిగుసుకుని ఉందని అర్థం. చీలమండ వంగకపోతే దిగేటప్పటి కుదుపు మోకాలు మింగాల్సి వస్తుంది. ఇలాంటివాళ్లకు పిక్క సాగదీయడం కూడా చికిత్సలో భాగమే.

ముందు ఒక ప్రశ్న: తెగిందా, నలిగిందా?

పైన చెప్పినదంతా నలిగిన టెండన్ గురించి. తెగితే లెక్క వేరు, ఎంపిక కూడా లేదు. దూకుతూ ఉండగా టప్పుమని చప్పుడు, కాలు కూలబడటం, కాసేపటికే వాపు. అప్పుడు వెల్లకిలా పడుకుని మోకాలు వంచకుండా కాలు పైకెత్తమనండి. ఎత్తలేకపోతే, లేదా మడమ లేచినా మోకాలు నిటారుగా నిలవక వంగిపోతుంటే ఆ రోజే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పటెల్లార్ టెండన్ తెగితే చిప్ప తొడ వైపు జరిగిపోతుంది, కింద వేలికి గుంట తగులుతుంది. ఇది ఎక్కువగా 40 ఏళ్ల లోపువాళ్లలో. క్వాడ్రిసెప్స్ టెండన్ తెగితే గుంట చిప్పకు పైన. ఎక్కువగా 40 దాటినవాళ్లలో, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో.

మోసం ఎక్కడంటే, వాపు గుంటను కప్పేస్తుంది. పక్కనున్న పొరలు మిగిలి ఉంటే మనిషి కుంటుతూ నడవగలడు కూడా. బెణికిందనుకుని నాటు కట్టు కట్టించుకుని నెల గడిపేస్తారు. రెండు మూడు వారాల్లోపు అయితే తెగిన కొసను చిప్పకు నేరుగా కుట్టవచ్చు. ఆలస్యమైతే తొడ కండరం పైకి ముడుచుకుపోయి కొస అందదు, ఇంకోచోటి టెండన్ తెచ్చి అతకాల్సి వస్తుంది. కుట్టాక కాలిని నిటారుగా పట్టి ఉంచే బ్రేస్ సుమారు ఆరు వారాలు ఉంటుంది, వంచడం కొద్దికొద్దిగా పెంచుతారు. ఆటకు తిరిగి రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది.

తొందరపడితే ఏమవుతుందో బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు రొనాల్డో కథ చెబుతుంది. 1999 నవంబరులో ఇంటర్ మిలాన్‌కు ఆడుతూ కుడి మోకాలి టెండన్ దెబ్బతింది, ఆపరేషన్ అయింది. 2000 ఏప్రిల్ 12న లాజియోతో మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగిన కొద్ది నిమిషాలకే అదే టెండన్ పూర్తిగా తెగిపోయింది. రెండోసారి ఆగాల్సినంత ఆగాడు. 2002 ప్రపంచకప్‌లో 8 గోల్స్ కొట్టాడు.

పూర్తి విశ్రాంతి, ఆడుతూ తగ్గించుకోవడం

మనవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది పూర్తి విశ్రాంతి. మూడు వారాలు పడుకుంటే నొప్పి నిజంగానే తగ్గుతుంది. కానీ టెండన్ బరువు మోస్తేనే బలపడే కణజాలం. ఆ మూడు వారాల్లో అది ఇంకా బలహీనపడుతుంది, కండరమూ తగ్గుతుంది. నాలుగో వారం పాత మోతాదులో దూకగానే నొప్పి తిరిగొస్తుంది. ఈ చక్రంలో రెండేళ్లు తిరిగేవాళ్లు చాలామంది.

పంటి బిగువున ఆడుతూ పోవడం దీనికి రెండో చివర. రెంటికీ మధ్య దారి: దూకడాలు, హఠాత్తుగా ఆగడాలు తగ్గించాలి, నెమ్మదిగా మోసే బరువులు పెంచాలి. ఎంత తగ్గించాలో కొలవడానికి రోజూ పొద్దున ఒకే పరీక్ష చేయండి. ఒంటికాలి మీద కొద్దిగా వంగి లేచి, నొప్పికి 0 నుంచి 10 లోపు అంకె రాసుకోండి. వ్యాయామం చేసేటప్పుడు 3 దాకా ఫర్వాలేదు. మర్నాటి పొద్దున అంకె నిన్నటికన్నా పెరిగితే నిన్న చేసింది ఎక్కువైనట్టు. ఆట మధ్యలో నొప్పి లేదన్నది లెక్కలోకి రాదు, ఒళ్లు వేడెక్కితే ఈ టెండన్ అబద్ధం చెబుతుంది.

వ్యాయామాల్లో ఏది?

నాలుగు పద్ధతులు వినిపిస్తాయి. పేర్లు గందరగోళంగా ఉన్నా తేడాలు సూటిగానే ఉన్నాయి.

కదలకుండా బిగించి పట్టడం, అంటే ఐసోమెట్రిక్, నొప్పి బాగా ఉన్న దశకు. సాగని గట్టి బెల్టు ఒకటి స్తంభానికి చుట్టి, దాని రెండో వైపు రెండు మోకాళ్ల వెనక పెట్టుకోండి. వెనక్కి వాలి, నడుము నిటారుగా, మోకాళ్లు 70 నుంచి 90 డిగ్రీలు వంచి కుర్చీలో కూర్చున్నట్టు ఆగండి. 45 సెకన్లు, 5 సార్లు, మధ్యలో 2 నిమిషాల విరామం. జిమ్ ఉంటే లెగ్ ఎక్స్‌టెన్షన్ మిషన్ మీద ఒంటికాలితో, మోకాలు 60 డిగ్రీల దగ్గర, మోయగలిగిన దానిలో సుమారు 70 శాతం బరువుతో. కొందరికి నొప్పి అక్కడికక్కడే దిగి ముప్పావుగంట దాకా తేలిగ్గా ఉంటుంది. కొందరికి ఏమీ తేడా ఉండదు. వారం రోజులు చేసినా మార్పు లేకపోతే దీన్నే పట్టుకు వేలాడకండి. మార్పు ఉన్నవాళ్లు కూడా ఇక్కడే ఆగిపోకూడదు. ఇది నొప్పి దించుతుంది గానీ చిక్కిన తొడను పూడ్చదు.

ఏటవాలు పలక మీద దిగడం పాత పద్ధతి. 25 డిగ్రీల వాలు కావాలి: 40 సెంటీమీటర్ల పలక వెనక అంచును 17 సెంటీమీటర్లు ఎత్తితే సరిగ్గా వస్తుంది, వడ్రంగి అరగంటలో చేసిస్తాడు. మడమ ఎత్తు వైపు పెట్టి, నొప్పి కాలితో నెమ్మదిగా దిగి, మంచి కాలితో లేవాలి. 15 చొప్పున 3 సెట్లు, రోజుకు రెండు పూటలు, 12 వారాలు. ఖర్చు లేదు, జిమ్ అక్కర్లేదు. లోపం: నొప్పి పెట్టడం ఇందులో మామూలే కాబట్టి చాలామంది మధ్యలో వదిలేస్తారు. పైగా పోటీల సీజన్‌లో ఆట తగ్గించకుండా దీన్ని చేర్చితే ఫలితం ఉండదని నార్వే వాలీబాల్ ఆటగాళ్ల మీదే తేలింది. టోర్నమెంట్ల మధ్యలో ఉన్నవాళ్లు దీన్ని ఎంచుకోవద్దు.

మూడోది నెమ్మదిగా భారీ బరువులు. జిమ్ అందుబాటులో ఉంటే మా మొదటి ఎంపిక ఇదే. వారానికి 3 రోజులు, రోజు విడిచి రోజు. స్క్వాట్ (బరువుతో గుంజీ), లెగ్ ప్రెస్ (మిషన్ మీద కాళ్లతో బరువు తోయడం), హ్యాక్ స్క్వాట్ (వాలు మిషన్‌కు వీపు ఆనించి గుంజీ), ఒక్కొక్కటి 4 సెట్లు, సెట్ల మధ్య 2 నుంచి 3 నిమిషాలు. దిగడానికి 3 సెకన్లు, లేవడానికి 3 సెకన్లు. మొదటి వారం సెట్‌కు 15, రెండు మూడు వారాల్లో 12, నాలుగు ఐదు వారాల్లో 10, ఆరు నుంచి ఎనిమిది దాకా 8, తొమ్మిది నుంచి పన్నెండు దాకా 6. సంఖ్య తగ్గినప్పుడల్లా బరువు పెరగాలి. ఆఖరిది లేపాక ఇంకొకటి లేపలేనంత ఉండాలి. డెన్మార్క్‌లో 2009లో దీన్ని ఏటవాలు పలకతోనూ, స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తోనూ పోల్చి చూశారు. పన్నెండు వారాలకు మూడూ ఇంచుమించు సమానం. ఆరు నెలలకు ఇంజెక్షన్ వాళ్లు వెనక్కి జారారు, వ్యాయామం చేసిన రెండు గుంపులూ నిలిచాయి, తృప్తి ఎక్కువ కనిపించింది భారీ బరువుల వాళ్లలోనే.

ఇది పాడయ్యేది ఇలా. రెండు కాళ్లతో తోస్తుంటే తెలియకుండానే మంచి కాలు పని లాక్కుంటుంది, అందుకని లెగ్ ప్రెస్ ఒంటికాలితో చేయాలి. లెక్క పెట్టకపోతే 3 సెకన్లు ఒక సెకను అవుతుంది, కాబట్టి పైకి వినిపించేలా లెక్కపెట్టండి. నొప్పి భయంతో అదే 20 కిలోలతో మూడు నెలలు నెట్టుకొస్తే టెండన్‌కు కబురే అందదు. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు, సాయంత్రం ప్రాక్టీసు అలాగే ఉంచి పొద్దున బరువులు చేర్చడం. జిమ్ లేని ఊళ్లో వెనక కాలు బెంచీ మీద పెట్టి ముందు కాలితో దిగి లేచే స్క్వాట్ చేయండి. వీపు సంచిలో 10 కిలోల బియ్యంతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవచ్చు.

నాలుగోది వీటినే మెట్లుమెట్లుగా పేర్చడం: ముందు కదలకుండా పట్టడం, తర్వాత బరువులు, తర్వాత దూకడాలు, చివరికి ఆట. మెట్టు మారేది క్యాలెండరును బట్టి కాదు, నొప్పి 3 దాటకపోవడాన్ని బట్టి. నెదర్లాండ్స్‌లో 24 వారాలు ఏటవాలు పలకతో పోల్చి 2021లో ప్రచురించిన పరిశోధనలో ఇదే మెరుగ్గా తేలింది. అయినా ఆ ఆరు నెలల్లో పాత స్థాయి ఆటకు తిరిగొచ్చినవాళ్లు సగానికి తక్కువే. ఆరు వారాల్లో నయం చేస్తామనేవాళ్లను ఈ అంకె ముందు పెట్టి చూడండి.

దూకడం మళ్లీ ఎప్పుడు? ఒంటికాలి లెగ్ ప్రెస్‌లో శరీర బరువుకు ఒకటిన్నర రెట్లు, అంటే 70 కిలోల మనిషి 105 కిలోలు, 8 సార్ల చొప్పున 4 సెట్లు తోయగలిగాక. మొదట రెండు కాళ్ల మీద, మెత్తని నేల మీద, మొత్తం 40 నుంచి 60 దూకులు. అదీ మూడు రోజులకు ఒకసారి. పరీక్ష అంకె పెరగకపోతే ఒంటికాలికి, ఆ తర్వాత పరుగెత్తి దూకడానికి.

పట్టీ, ఐసు, మాత్ర

చిప్ప కింద కట్టే సన్నని పట్టీ ఆడే గంటలో నొప్పి కొంచెం తగ్గిస్తుంది, హాని లేదు, చికిత్స కాదు. మోకాలంతా కప్పే తొడుగు వెచ్చదనం ఇస్తుంది, అంతే. ఐసు నొప్పికి పనికొస్తుంది, టెండన్‌ను మార్చదు. డైక్లోఫెనాక్ వేసుకుని దూకితే మర్నాటి పరీక్ష అంకె అబద్ధమవుతుంది, కొలతే పాడవుతుంది. వేరే జబ్బుకు వాడే మందు ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ రకం యాంటీబయాటిక్స్. టెండన్ తెగే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే వీటి మీద అతి తీవ్రమైన హెచ్చరిక వేయించింది. విరేచనాలకు చీటీ లేకుండా కొనుక్కునే మాత్ర ఇదే కావచ్చు. మీకు టెండన్ నొప్పి ఉందని డాక్టరుకు చెబితే ఇంకో మందు రాయగలరు.

సూది, షాక్‌వేవ్, కత్తి

స్టెరాయిడ్ సూది వద్దు. నెలా రెండు నెలలు హాయిగా ఉండి తర్వాత దిగజారుతుంది, టెండన్ బలహీనపడి తెగే అవకాశమూ ఉంది. పోటీల్లో ఆడేవాళ్లకు ఇంకో చిక్కు: 2022 జనవరి 1 నుంచి స్టెరాయిడ్ ఇంజెక్షన్లన్నీ పోటీ సమయంలో డోపింగ్ నిషేధంలోకి వచ్చాయి. సొంత రక్తం నుంచి తీసి ఎక్కించే పీఆర్‌పీ మీద నిషేధం లేదు, ఖర్చు బాగా ఉంది. జంపర్స్ నీ మీద ఉప్పునీటి సూదితో పోల్చి చూస్తే మెరుగేమీ కనిపించలేదు. షాక్‌వేవ్, అంటే మిషన్‌తో టెండన్ మీద పంపే ధ్వని తరంగాల దెబ్బలు, కూడా సీజన్‌లో ఆడుతున్న ఆటగాళ్లలో ఉత్తుత్తి షాక్‌వేవ్‌ను మించలేదు. ఈ డబ్బుతో ఆరు నెలల జిమ్ ఫీజు కట్టి, నెలకోసారి ఫిజియోను కలిసి బరువులు సరిచూపించుకోవడం మేలు.

తెగని టెండన్‌కు ఆపరేషన్ చివరి మెట్టు. ఆపరేషన్‌ను ఏటవాలు పలక వ్యాయామంతో పోలిస్తే ఏడాది తర్వాత తేడా లేదని 2006లోనే తేలింది. ఆరు నెలలు బరువులు నిజంగా పెంచుతూ చేసి, రాసుకున్న లెక్కల పుస్తకం చూపించగలిగినవాళ్లకే ఆ చర్చ. చాలామంది ‘ఫిజియో చేశాను, తగ్గలేదు’ అన్నప్పుడు అడిగి చూస్తే అది పదిరోజుల ఐఎఫ్‌టీ కరెంటు, అల్ట్రాసౌండ్ తలతో రుద్దడం. టెండన్ మీద ఒక్క కిలో కూడా పడి ఉండదు.

గడువు దగ్గర పడితే

పోలీసు దేహదారుఢ్య పరీక్షలకు, అంటే ఈవెంట్లకు, నాలుగు నెలలుంటే దారి తేలిక: పన్నెండు వారాల బరువులు, చివరి నాలుగు వారాలు దూకడాలు. మూడు వారాలే ఉంటే టెండన్‌ను బాగుచేసే పని కుదరదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి. లాంగ్ జంప్ ప్రాక్టీసు వారానికి రెండు రోజులు, రోజుకు పూర్తి వేగం దూకులు నాలుగైదు మించకుండా, ఇసుక గుంటలోనే. మిగతా రోజుల్లో స్టెప్స్ లెక్క, టేకాఫ్ బోర్డు మీద కాలు పడే చోటు సరిచేసుకోవడం, అదీ దూకకుండా పరుగెత్తి వదిలేస్తూ. 1600 మీటర్ల పరుగు తయారీ తారురోడ్డు మీద కాకుండా మట్టి ట్రాక్ మీద. బెల్టుతో బిగించి పట్టే వ్యాయామం రోజూ, ఈవెంట్ రోజున దూకే ముందు అరగంట వ్యవధిలో ఒకసారి. ఆ పూట వార్మప్ దూకులు రెండు చాలు. మిగిలినవి కొలిచేవాళ్ల ముందే దూకాలి.